ఊడ్చే ముందు ఒక్క మాట

మా దస్త్రాల రవాణా మండలికి వరసగా మూడేళ్లు ‘నిర్మల సర్వర్’ పురస్కారం వచ్చింది. ఈ సంగతి మీకు తెలియకపోతే నష్టమేం లేదు, మా ఆఫీసు గుమ్మంలోనే ఎనిమిదడుగుల బోర్డు మీద రాసి పెట్టారు. బోర్డు కింద గాజు పెట్టెలో మూడు షీల్డులున్నాయి. నాలుగోదానికి చోటు ఖాళీగా ఉంచి, అక్కడ రోజూ తడిగుడ్డతో తుడుస్తుంటారు.

ఏ మూల ఆఫీసు నుంచి ఏ శాఖకి దస్త్రం పంపాలన్నా, కంప్యూటర్లో మా మండలి మీదుగానే పంపాలి. వచ్చిన దస్త్రం ముందు మా సర్వర్లో వసారా అనే చోట దిగుతుంది. అది ముక్కలు ముక్కలుగా వస్తుంది కాబట్టి, అన్ని ముక్కలూ చేరేదాకా వసారాలోనే కూర్చోవాలి. అన్నీ చేరాక లోపలికి వెళ్తుంది, లోపలి నుంచి ఆ శాఖకి వెళ్తుంది. వసారా అనే పేరు నేను పెట్టిందే. నేనక్కడ ఔట్‌సోర్సింగ్ ప్రోగ్రామర్ని, పేరు గోవర్ధన్. పేర్లు పెట్టే అధికారం తప్ప నాకు ఇంకే అధికారమూ లేదు.

వసారాలో కాస్త చెత్త పోగవడం సహజం. పంపేవాళ్లు సగంలో మానేసినవీ, కరెంటు పోయి తెగిపోయినవీ అక్కడే పడి ఉంటాయి. వాటిని ఊడవడానికి ఒక ప్రోగ్రాం ఉంది. పూర్వం అది రోజుకొక్కసారి వచ్చి, పాతబడ్డవి మాత్రం ఊడ్చి పోయేది. ఆనందమోహన్ గారు డైరెక్టరుగా వచ్చిన రోజున వసారాని తెర మీద చూసి, "ఏమిటీ అశుభ్రత!" అని జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. కంప్యూటర్లో చెత్తకి వాసన రాదని చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. ఆ రోజే ‘ఖాళీ వసారా ఉద్యమం’ మొదలైంది. ఊడ్చే ప్రోగ్రాం గంటకోసారి రావాలన్నారు. మొదటి షీల్డు వచ్చాక అరగంటకోసారి అన్నారు. ఇప్పుడు పది నిమిషాలకోసారి వస్తుంది, కొత్తా పాతా చూడకుండా కంటబడ్డదల్లా ఊడ్చిపారేస్తుంది. ఉదయం పదిన్నరకి ఉద్యోగులందరం నిలబడి ఖాళీ వసారాని ఒక నిమిషం చూసి, ఆ తర్వాత కుర్చీల్లో కూర్చుంటాం.

అలా చూసి కూర్చున్న ఒక ఉదయం నా బల్ల మీద ఫోను మోగింది.

"సార్, నమస్తే సార్. బొడ్డగుమ్మి బడి నుంచి టీచర్ని సార్, నీలవేణి. నా దస్త్రం మీకు అందిందా సార్?"

బొడ్డగుమ్మి ఎక్కడో కొండ మీద ఉందట. ఆవిడ చెప్పిన నంబరు కొట్టి చూశాను. రిజిస్టర్లో అందినట్టే ఉంది. లోపల చూశాను, లేదు. వసారాలో చూశాను, అద్దంలా మెరిసిపోతోంది.

"అందింది కానీ లేదండీ" అన్నాను. ఆ మాట నాకే సిగ్గుగా అనిపించింది.

"అదేటి సార్! ఇది ఏడోసారి పంపడం. ఏడు నంబర్లిచ్చీసారు. బడుల శాఖవాళ్లేమో మాకు రాలేదంటన్నారు. ఈ నెల ముప్ఫైలోగా పిల్లల వివరాలు చేరకపోతే, బడిలో పిల్లలే లేరని రాసీసి బడి ఎత్తీస్తారంట సార్. ఇరవై ముగ్గురున్నారు నాకు. తర్వాతి బడి ఏడు కిలోమీటర్లు, మధ్యలో గెడ్డ. వానాకాలం పొంగితే పెద్దోళ్లే దాటలేరు. చిన్నపిల్లలు ఎలా ఎళ్తారు సార్?"

గెడ్డ అంటే అక్కడి వాగు. నాకు ఆ వాగు తెలియదు గానీ, ఆవిడ గొంతులో అది వినబడింది. ఎన్ని నిమిషాల్లో చేరుతోంది దస్త్రం అని అడిగాను.

"బడి వెనక రాయెక్కితే సిగ్నలొస్తది సార్. పాతిక నిమిషాలు ఫోను అలా పట్టుకుని నిలబడతాను."

అప్పుడు నాకు వెలిగింది. దస్త్రానికి పాతిక నిమిషాలు కావాలి. చీపురు పది నిమిషాలకోసారి వస్తుంది. వస్తున్న దస్త్రాన్నీ, పడి ఉన్న చెత్తనీ చీపురు ఒకేలా చూస్తుంది. పట్నం ఆఫీసుల దస్త్రాలు రెండు నిమిషాల్లో లోపలికి దూరిపోతాయి కాబట్టి వాటికి ఏమీ కాదు. కొండ మీది దస్త్రం సగం గుమ్మంలో, సగం వీధిలో ఉండగా చీపురొచ్చి ఎత్తుకుపోతుంది. చీపురు ముందా, దస్త్రం ముందా అనే పందెం అది. నీలవేణి గారు ఏడు పందేలు ఓడిపోయారు.

మందు చాలా చిన్నది. ఊడ్చే ముందు ప్రోగ్రాం ఒక్క మాట అడగాలి: ఇది ఇంకా వస్తోందా, రావడం అయిపోయిందా? ఒక్క లైను రాస్తే చాలు. పావుగంట పని. ఆ పావుగంట కోసం నేను ముందు శుభ్రతా విభాగం సూపరింటెండెంట్ కనకదుర్గ గారి దగ్గరికి వెళ్లాను. చీపురు ఆవిడది.

ఆవిడ అంతా విని కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అంటే, మా విభాగం వెళ్లి స్వీకరణ విభాగాన్ని అడగాలంటావు."

"మీరు కాదు మేడమ్, ప్రోగ్రాం అడుగుతుంది."

"ప్రోగ్రాం ఎవరి కింద ఉంది?"

"మీ కిందే."

"మరి? నా కింద ఉన్నది వాళ్ల కింద ఉన్నదాన్ని నేరుగా ఎలా అడుగుతుందయ్యా? దానికో పద్ధతి లేదూ? ఇవాళ చీపురు అడుగుతుంది, రేపు అటెండరు అడుగుతాడు. త్రూ ప్రాపర్ ఛానల్ అనేది మనుషులకొకటీ మెషీన్లకొకటీ ఉండదు."

స్వీకరణ విభాగం పక్క గదే. మధ్యలో ప్లైవుడ్ గోడ ఉంది, ఇటు తుమ్మితే అటు వినబడుతుంది. అక్కడ సూపరింటెండెంట్ నరహరి గారు. ఆయన అప్పటికే గోడవతల నుంచి అంతా విని ఉన్నారు, అయినా మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు.

"మొదటి ముక్క రాగానే మేం నంబరు వేస్తాం. నంబరు పడితే దస్త్రం అందినట్టే. తర్వాత దాన్ని ఎవరు ఊడ్చుకుపోయారో మాకు సంబంధం లేదు" అన్నారు.

"కానీ సగమే అందింది కదండీ?"

"సగం అందింది అని రాయడానికి రిజిస్టర్లో గడి ఏదీ?" అని రిజిస్టరు నా వైపు తిప్పి చూపించారు. నిజమే, గడి లేదు.

విషయం డైరెక్టరు గారిదాకా వెళ్లింది. ఆయన సమావేశం పెట్టారు, జీడిపప్పు తెప్పించారు.

"సమస్య యొక్క తీవ్రతను మండలి గుర్తించింది" అన్నారు ఆనందమోహన్ గారు. "మారుమూల ప్రాంతపు బాలబాలికల భవిష్యత్తు మనకు ప్రాణప్రదం. అదే సమయంలో వసారా యొక్క పరిశుభ్రత విషయంలో రాజీపడే ప్రసక్తే లేదు. ఈ రెండింటినీ సమన్వయపరుస్తూ ఉభయ విభాగాల గౌరవానికి భంగం కలగని ఒక సమగ్ర విధానాన్ని రూపొందించాలి."

"ఒక్క లైను చాలు సార్" అన్నాను.

"ఒక్క లైనుతో సమగ్రత రాదు గోవర్ధన్" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

ఆ విధంగా నమూనా పదిహేడు పుట్టింది. దాని పేరు ఆగమన విచారణ పత్రం. వసారాలో ఉన్న ప్రతి దస్త్రానికీ శుభ్రతా విభాగం ఒక పత్రం నింపి, "సదరు దస్త్రము రావడం పూర్తి అయినదా లేదా తెలియజేయ కోరడమైనది" అని స్వీకరణ విభాగానికి పంపాలి. వాళ్లు వెళ్లి చూసి, "పూర్తి అయినది" లేదా "పూర్తి కాలేదు" అని రాసి తిప్పి పంపాలి. పత్రం ప్లైవుడ్ గోడ దాటడానికి కిందకి దిగి, ఇన్‌వర్డులో ముద్ర వేయించుకుని మళ్లీ పైకి రావాలి. మూడు రోజులు పట్టేది. జవాబు వచ్చేదాకా చీపురు ఆగాలి.

మొదటి రోజు వసారాలో నాలుగు వేల దస్త్రాలు పోగయ్యాయి. ఒక్కొక్కదాని కోసం ఒక్కొక్క పత్రం. నరహరి గారి మనుషులు చూసి "పూర్తి కాలేదు" అని రాసినవి, కనకదుర్గ గారి బల్ల చేరేసరికి ఎప్పుడో పూర్తయి లోపలికి వెళ్లిపోయేవి. "లేని దస్త్రం గురించి మాకు రాస్తారా?" అని ఆవిడ మెమో ఇచ్చారు. మూడో రోజుకి వసారా కిక్కిరిసిపోయి, కొత్త దస్త్రం కాలు పెట్టడానికి కూడా చోటు లేకపోయింది. రాష్ట్రమంతా ఫోన్లు. చీపురు ఆగిన ఆ రోజుల్లోనే కొండ మీద సిగ్నలు లేక నీలవేణి గారు దస్త్రం పంపలేకపోయారట. నాలుగో రోజు ఉదయం పదిన్నరకి మేమంతా లేచి నిలబడి నిండిపోయిన వసారాని ఒక నిమిషం చూశాం. డైరెక్టరు గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పురస్కారం తనిఖీ బృందం ఆ వారంలోనే రావాలి.

మధ్యాహ్నానికల్లా సవరణ వచ్చింది. చీపురు ఎప్పటిలాగే పది నిమిషాలకోసారి ఊడ్చేస్తుంది. నమూనా పదిహేడు కూడా ఎప్పటిలాగే పంపుతారు. అయితే ఊడ్చాక పంపుతారు. "పూర్తి కాలేదు" అని జవాబు వస్తే, ఊడ్చినందుకు అనంతర ఆమోదం తీసుకుంటారు.

"ఇందులో అడగడమూ ఉంది, ఊడవడమూ ఉంది" అన్నారు ఆనందమోహన్ గారు తృప్తిగా.

నాకు ఒళ్లు మండింది. ఆ మంటలోనే నా ఒక్క లైను గురించి ఒక నోటు రాశాను. నోటు చూసి కనకదుర్గ గారు అనుబంధాలు అడిగారు, నరహరి గారు ఆ అనుబంధాలకి అనుబంధాలు అడిగారు. ప్లైవుడ్ గోడ ఫోటో కూడా జతపరిచాను. పంతొమ్మిది అనుబంధాలతో నోటు బాగా ఒళ్లు చేసింది. మండలిలో ఏ దస్త్రమైనా మండలి మీదుగానే వెళ్లాలి కాబట్టి, కింది అంతస్తు నుంచి పై అంతస్తులో డైరెక్టరు గారికి దాన్ని వసారా మీదుగానే పంపాను. సాయంత్రం అందరూ ఒకేసారి పంపే వేళ అది. మా లైను కుంటుతోంది. ముప్పాతిక వంతు వెళ్లాక చీపురొచ్చింది.

రిజిస్టర్లో నా నోటుకి నంబరు మాత్రం పడింది. నరహరి గారు స్వయంగా వచ్చి అభినందించారు.

అప్పటికి తారీఖు ఇరవై తొమ్మిది. నీలవేణి గారికి ఫోన్ చేశాను. పదకొండోసారి కూడా పంపానని చెప్పారావిడ. గొంతులో ఉత్సాహం లేదు.

"పిల్లలకి చెప్పీసాను సార్, కొత్త బడికెళ్లాలని. ఒకటో తరగతి పిల్ల, టీచర్ నువ్వు కూడా గెడ్డ దాటి వస్తావా అని అడిగింది. నాకు ఏడుపొచ్చీసింది."

నాకూ అదే పరిస్థితి. అది దాచడానికి గబగబా లెక్క వేశాను. ఒక పిల్లవాడి వివరం, ఫోటో కలిపి పంపితే ఎంతసేపు పడుతుందన్నాను. మూడు నిమిషాలు చాలన్నారు. "అయితే బడిని పంపకండి, పిల్లల్ని ఒక్కొక్కళ్లుగా పంపండి. నేను ఫోన్లో ఉంటాను. చీపురు అటు వెళ్లగానే చెప్తాను" అన్నాను.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం రెండింటికి ఆవిడ రాయెక్కారు. నేను చీపురుని చూస్తూ కూర్చున్నాను. అది వెళ్లగానే "ఊ, పంపండి" అనేవాణ్ణి. మళ్లీ చీపురొచ్చేలోగా ముగ్గురు పిల్లలు వసారా దాటి లోపలికి పరుగెత్తేవాళ్లు. ఎనిమిదో విడతలో మిగిలిన ఇద్దరూ దాటారు. మూడున్నర కాకముందే అందరూ లోపల ఉన్నారు. ఫోనులో అవతల చప్పట్లు వినబడ్డాయి. పిల్లలంతా రాయి చుట్టూ చేరి చూస్తున్నారట.

నేను ఒక సంగతి మరిచిపోయాను. మా రిజిస్టరు లెక్కలో ఒక దస్త్రం అంటే ఒక బడి. మర్నాడు బడుల శాఖ కంప్యూటరు తీసి చూసుకుంటే, బొడ్డగుమ్మిలో ఇరవై మూడు బడులు ఉన్నాయి, ఒక్కో బడిలో ఒక్కో విద్యార్థి. ఇరవైమంది కన్నా తక్కువున్న బడి ఏదైనా సరే మూసేసి, అందులో పిల్లల్ని అన్నిటికన్నా దగ్గరున్న బడిలో కలపాలని వాళ్ల నియమం. ఆ సంగతి తెలిసి నాకు అన్నం సహించలేదు. ఒక్క బడిని కాపాడబోయి ఇరవై మూడు మూయించానన్న పేరు మిగిలేలా ఉంది.

కానీ ఆ శాఖ కూడా మాలాంటిదే. నియమం పెట్టాక వెనక్కి తిరిగి చూడరు. ఒక్కో బడికీ దగ్గరి బడి ఏదని కంప్యూటరుని అడిగారు. దూరం సున్నా కిలోమీటర్లు అని చెప్పింది కంప్యూటరు. ఇరవై మూడు బడుల్నీ మూసినట్టు రాసి, అన్నిటినీ కలిపి అక్కడే ఒక్క బడి చేశారు. అందులో ఇప్పుడు ఇరవై ముగ్గురు పిల్లలు. అంటే ఇరవై కన్నా ఎక్కువ. కాబట్టి అది ఉంటుంది. ఒకే ఊళ్లో ఒకే రోజున ఇన్ని బడుల్ని హేతుబద్ధీకరించడం దేశంలోనే మొదటిసారని ఆ శాఖ కమిషనరు గారికి సన్మానం జరిగింది. ఉత్తర్వుకి ఆ సన్మానం ఫోటో కూడా జతపరిచారు, దండలతో సహా, పెద్దది.

పాపం ఆ ఫోటో వల్లే వచ్చింది చిక్కు. ఉత్తర్వు కిందకి వెళ్లేటప్పుడూ మా వసారాలోనే కూర్చుంటుంది, కొండ మీది మండలం ఆఫీసు దాన్ని ముక్కముక్కగా లాక్కుంటుంది. వాళ్లు మొదటి పేజీ లాక్కున్నారో లేదో, చీపురొచ్చింది. మొదటి పేజీలో ఉన్నది ఇంతే: ‘కింది ఇరవై మూడు బడులు ఇందుమూలముగా మూసివేయడమైనది.’ కింద బొడ్డగుమ్మి, బొడ్డగుమ్మి, బొడ్డగుమ్మి అని ఇరవై మూడుసార్లు ఉంది. కలిపి ఒక బడిగా కొనసాగించమన్న మాట రెండో పేజీలో ఉంది.

శుక్రవారం నీలవేణి గారు ఫోన్ చేశారు. "సోమవారం ఎమ్మీవో గారు తాళం పట్టుకుని వస్తారంట సార్" అన్నారు, అంతే. ఫోను పెట్టేశారు.

బడుల శాఖ నుంచి ఉత్తర్వు మొత్తం తెప్పించి ప్రింటు తీసి, స్వయంగా తీసుకెళ్తానని డైరెక్టరు గారిని అడిగాను. ఆయన నిర్ఘాంతపోయారు. "దస్త్రాల రవాణా మండలి ఉద్యోగి దస్త్రాన్ని చేత్తో పట్టుకుని రవాణా చేయడమా? బయట తెలిస్తే ఏమైనా ఉందా?" అన్నారు. నేను సీటుకి వచ్చి కడుపునొప్పి అని సెలవు రాసిచ్చాను. ఆ కాగితం మాత్రం ఏ వసారా ఎక్కకుండా చేతికే ఇచ్చాను. శనివారం రైలెక్కాను, ఆదివారం బస్సెక్కాను, సోమవారం పొద్దున్న ఎక్కడానికి ఏమీ లేక కొండెక్కాను.

నేను వెళ్లేసరికి ఎమ్మీవో సింహాద్రి గారు బడి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. చేతిలో కొత్త తాళం, దానికి ఇంకా కాగితం ముక్క కట్టే ఉంది. గుమ్మానికి అడ్డంగా ఒక సన్నటి మనిషి హాజరు పట్టీని గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. ఆవిడే నీలవేణి గారని చెప్పక్కర్లేదు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు, మామూలు కన్నా గట్టిగా.

బడి వసారాలో సంచీ దించి, రెండో పేజీ తీసి ఆయన చేతికిచ్చాను. ఆయన ఒకసారి మనసులో, ఒకసారి పైకి చదివారు.

"పైన పేర్కొన్న బడులన్నిటినీ విలీనపరచి, బొడ్డగుమ్మి నందే ఒక బడిగా కొనసాగించుటకు ఆదేశించడమైనది." కాగితం మడిచి నా వంక చూశారు. "అంటే ఏటి బాబూ, ఈ బడిని ఈ బడిలోనే కలిపీసారా?"

"అవునండీ."

"మరయితే ఈ తాళం?"

"బడి అయ్యాక సాయంత్రం టీచరు గారు వేసుకుంటారు" అన్నాను.

ఆయన నవ్వి తాళాన్ని ఆవిడ చేతిలో పెట్టారు. పాత తాళం తుప్పు పట్టిపోయిందట, ఆవిడ ఎన్నాళ్ల నుంచో కొత్తది అడుగుతున్నారట. నీలవేణి గారు తాళాన్ని చూసి, నన్ను చూసి, నవ్వబోయి ఏడ్చేశారు. లోపల ఎక్కాలు ఆగిపోయాయి.

"రండి సార్, లోపలికి రండి, టీ తాగుదురు గానీ" అన్నారు కళ్లు తుడుచుకుని.

నేను చెప్పులు విప్పి ఒక కాలు గడప లోపల పెట్టాను. అప్పుడే వంటగది వైపు నుంచి చీపురు పట్టుకుని ఒకామె వచ్చింది. పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే చిలకమ్మట. వసారా ఊడవడానికి వంగినామె, నన్ను చూసి చీపురు ఆపేసింది.

"పూర్తిగ లోపలికొచ్చీసారా బాబూ, ఇంకా వస్తన్నారా?" అంది. "సంచీ బయటే ఉండిపోనాది. అది కూడా లోపలెట్టీసుకోండి, అప్పుడు ఊడుస్తాను."

ఆమెకి పై అధికారి ఎవరూ లేరు. అడగడానికి పత్రం ఏదీ నింపలేదు. చీపురు చేత్తో పట్టుకుని, నేను కదిలేదాకా అలాగే నిలబడి ఉంది.

నేను వెనక్కి వెళ్లి సంచీ తెచ్చుకుని, రెండో కాలు కూడా లోపల పెట్టాను.

"వచ్చేశానమ్మా" అన్నాను. "ఇంక ఊడ్చుకో."